ముప్పై ఒకటో వరస

గుణుపురం సంతలో దీన్ని
మేం రామ్ములగ అంటాం, వాళ్ళు బిలాతి అంటారు,
బొలంగీరు నించి దిగిన లారీ డ్రైవరు పాతాలఘంటా అంటాడు.
మా ఆఫీసు రిజిస్టర్లో మాత్రం
దానికి పేరు లేదు, నంబరుంది.

నలభై ఎనిమిది వరసలు.
వరసకి పది మొక్కలు, మొక్కకో వెదురు పుల్ల,
పుల్లకో రేకు బిళ్ళ.
పొద్దున్నే పండు తెంపి అడ్డంగా కోస్తాను,
లోపల గదులెన్నో లెక్కపెడతాను.
రెండు, మూడు, ఒక్కోదాంట్లో పదకొండు,
అన్నదమ్ములు వేరుపడ్డ ఇల్లులా గోడలే గోడలు.
రసం బొట్టు గాజు మీద వేసి తీపి చూస్తాను, కంటితో.
నాలికతో చూడమని ఎవరూ చెప్పలేదు.
చూస్తాను.
చెయ్యి చొక్కాకి తుడుచుకుంటాను.

ముప్పై ఒకటి పులుపు.
గచ్చకాయంత పండు, భుజాల దగ్గర పచ్చదనం పోదు,
వాన పడితే పగుల్తుంది.
"దీన్నెందుకు పెట్టేవు కూర్మారావూ, చోటు దండగ"
అన్నారు మహాపాత్రో గారు.
ఏం చెప్పను?
పుట్టాసింగి దారిలో రుకుణి గొమాంగో
అంట్లు తోమే చోట, బూడిద పక్కన
ఎవరూ నాటకుండానే మొలిచింది.
నాలుగు పళ్ళు ఆకులో కట్టి ఇచ్చింది.
డబ్బులిస్తే నవ్వింది, బీడీకట్ట ఇస్తే తీసుకుంది.
ఎవరిచ్చారు అన్న గడిలో నేను రాసింది:
పెరటి మొక్క.

శ్రావణంలో తెగులొచ్చింది.
పొద్దున నిలబడ్డది మధ్యాహ్నానికి తల వాల్చేసేది.
ఆకు పచ్చగానే ఉంటుంది, అదే చిత్రం,
ఎండకి సొమ్మసిల్లిందనుకుంటాం.
కాండం కోసి గాజుగ్లాసు నీళ్ళల్లో నిలబెడితే
తెల్లగా, పాలపొగలా ఓ దారం దిగింది.
అది చూసేక ఇంక కొలవడానికేం లేదు.
ఏడు, పన్నెండు, ఇరవై, ఇరవై రెండు,
నున్నటి చెంపలవన్నీ,
లారీలో నాలుగ్రోజులు కుదిపినా నలగనివన్నీ.
రేకు బిళ్ళలు మాత్రం గాలికి గలగల్లాడేయి.
ముప్పై ఒకటిలో పదికి తొమ్మిది నిలిచేయి.
పదోది మేక తింది.

ఆకు ముక్కలు ఐసుపెట్టెలో భువనేశ్వరం వెళ్ళి
చెట్టు బొమ్మయి తిరిగొచ్చేయి.
అడ్డంగా పడుకున్న చెట్టు, వేరు ఎడంపక్క.
నలభై మూడు రకాలు ఒక్క కొమ్మకే గుంపుగా.
రంగు వేరు, సైజు వేరు, సంచి మీద కంపెనీ వేరు,
లోపల అప్పచెల్లెళ్ళేనట.
ఒకదాన్ని పట్టిన రోగం
రెండోదాని తలుపు తట్టక్కర్లేదు.
ముప్పై ఒకటి కాగితం అంచున
ఒంటి గీత.

ఇప్పుడు దానికి గొడుగు.
మళ్ళీ పోసిన ఇరవై రెండు నారులో
విచ్చని పసుపు మొగ్గని పట్టకారుతో విప్పి
కేసరాలు గిల్లి
ముప్పై ఒకటి పుప్పొడి అద్ది
కాగితం సంచి తొడుగుతాను, కొత్త పెళ్ళికూతురికి ముసుగులా.
మహాపాత్రో గారు "మన మెటీరియల్" అంటున్నారు.

మార్గశిరంలో పుట్టాసింగి వెళ్ళేను.
అంట్లచోట సిమెంటు గచ్చు, కొళాయి.
నీళ్ళొచ్చాయని రుకుణి సంబరపడింది.
"మొక్క పోయింది బాబూ. నువ్వు పట్టుకెళ్ళినావు కదా, ఉందేటి?
రెండు గింజలియ్యి."
గింజలు చల్లటి బీరువాలో ఉన్నాయి.
ఫారం ఉంది, మూడు సంతకాలున్నాయి,
'కారణం' అని ఓ గడి ఉంది.
"అడుగుతాను" అన్నాను.
ఇందులో అడగడానికేముందన్నట్టు
ఆవిడ కొళాయి కట్టేసింది.

ఫారం తీసేను.
పరిశోధన నిమిత్తం, అని రాసేను. కొట్టేసేను.
పులుసు, అని రాసేను.
పంపేను.

ఇంకా రాలేదు.
ఇవాళ గుడ్డలు నానబోస్తూ మా ఆవిడ అడిగింది
చొక్కా అంచుకి ఈ మచ్చలేటని.
మచ్చలు కావు, ఎండిన జిగురు.
గోటితో గీకితే నూగు నూగుగా పదకొండు,
ముప్పై ఒకటివో, ఇరవై రెండువో,
ఏ పొద్దున తుడుచుకున్నానో.
పేపరు ముక్కలో మడత పెట్టేను.
నంబరు రాయలేదు.
రేపు సంత.